పలమనేరు నుంచి తూపిలిపాళెం దాకా: ముగ్గురు మనుషులు, ఒక ఓమ్ని, ఒక రోడ్ సినిమా ఎలా తీయాలి

నా మొదటి షార్ట్ ఫిల్మ్‌కి చివరి షాట్ ఇలా రాసుకున్నాను: సముద్రంలో సూర్యుడు మునుగుతుంటాడు, ఇద్దరు స్నేహితులు ఒడ్డున కూర్చుని ఉంటారు, మాటలుండవు. సాయంత్రం ఐదున్నరకల్లా తూపిలిపాళెం ఒడ్డున కెమెరా పెట్టుకుని నిలబడ్డాం. ఆరున్నరకి సూర్యుడు అస్తమించాడు, మా వీపు వెనక, సరుగుడు తోపుల్లో. మనది తూర్పు తీరమని మూడో తరగతి పిల్లాడికి తెలుసు. టీంలో తొమ్మిది మందిమి ఉన్నాం, ఒక్కడికీ తట్టలేదు. మా డ్రైవరన్న మాత్రం, "పొద్దున్నే అనుకున్నా సార్, మీదేదో వేరే ప్లాన్ అయ్యుంటుందిలే అని అడగలేదు" అన్నాడు.

అందుకే ఈ గైడు చివరి షాట్ దగ్గర మొదలవుతుంది.

ఇది ఎవరి కోసమంటే, డిగ్రీ అయిపోయి లేదా అయిపోవస్తూ, చేతిలో మంచి ఫోను, పక్కన నలుగురు స్నేహితులు, ఎవరో ఒకరి కారు ఉన్నవాళ్ళ కోసం. ఇరవై, ముప్ఫై నిమిషాల సినిమా. ఇద్దరు స్నేహితులు, వాళ్ళతో పాటు బయల్దేరిన ఒకామె, ఒక ప్రయాణం. బయల్దేరినప్పుడు ఉన్న స్నేహం తిరిగొచ్చేటప్పటికి అలాగే ఉండదు. ఈ రకం కథ కొత్తదేమీ కాదు. 2001లో అల్ఫోన్సో కువారోన్ తీసిన మెక్సికన్ సినిమా 'ఇ తు మామా తంబియెన్' ఇలాంటిదే. పెద్దలకు మాత్రమే అన్న ముద్ర ఉన్న సినిమా కాబట్టి దాన్ని పడక సీన్ల కోసం గుర్తు పెట్టుకున్నవాళ్ళే ఎక్కువ. మీరు చూస్తే మాత్రం కెమెరా ఎటు పోతుందో చూడండి. హీరోలు మాట్లాడుకుంటుంటే అది వాళ్ళని వదిలేసి హోటలు వంటగదిలోకి పోతుంది, రోడ్డు పక్కన పోలీసులు ఆపిన మనుషుల వైపు తిరుగుతుంది. దాని కథ ఎత్తుకురాకండి. ఆ చూపు మాత్రం నేర్చుకోవచ్చు.

1. చివరి షాట్ టైము ముందు తేల్చుకోండి

మన వైపు సముద్రం కావాలంటే అది పొద్దుటి సముద్రమే. మే నెలలో సూర్యుడు ఐదూ నలభై, నలభై ఐదుకి పైకి వస్తాడు. దానికి ఇరవై నిమిషాల ముందు ఒక నీలం వెలుతురు ఉంటుంది, మొహాలు సగమే కనిపిస్తాయి. అసలు షాట్ అదే. సూర్యుడు పూర్తిగా పైకొచ్చాక వచ్చేది క్యాలెండర్ బొమ్మ.

ఈ ఒక్క సంగతి తేలగానే మీ స్క్రిప్టు సగం దానంతటదే తయారవుతుంది. తెల్లవారుజామున సముద్రం దగ్గర ఉండాలంటే ముందు రాత్రి ముగ్గురూ దారిలో ఎక్కడో గడపాలి. ఒకే గది దొరికిందా, కారులోనే పడుకున్నారా, ఎవరు నిద్రపోయారు, ఎవరు పోలేదు? ఆ రాత్రే మీ సినిమా. మిగిలినదంతా ఆ రాత్రికి చేరడం, ఆ రాత్రి నుంచి బయటపడడం. నేను సాయంత్రపు సముద్రం రాసుకున్నప్పుడు నా కథలో రాత్రే లేదు. షాట్ చెడిపోయిందని ఆ రోజు బాధపడ్డాను గానీ, అసలు చెడింది కథ.

2. దారి గీయండి, మ్యాపులో కాదు

నేను వాడిన దారి పలమనేరు, మొగిలి ఘాట్, చిత్తూరు, పూతలపట్టు, చంద్రగిరి, తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి, నాయుడుపేట, వాకాడు, తూపిలిపాళెం. రెండు వందల కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. ఆగకుండా పోతే ఒక పూటలో అయిపోతుంది. అందుకే మీ పాత్రలకి ఆగడానికి కారణాలు కావాలి. పంక్చరు పెట్టకండి, అందరూ పెట్టేశారు. మనుషులు నిజంగా ఎందుకు ఆగుతారో రాసుకోండి. ఒకడి అత్త ఇల్లు దారిలో ఉంది, అన్నం తినకుండా పంపదు. ఒకడు కాణిపాకం వినాయకుడికి ఏదో మొక్కుకున్నాడు, ఏం మొక్కుకున్నాడో చెప్పడు. ఆమె ఒక బ్యాంకు ముందు ఆపమని, పది నిమిషాల్లో వస్తానని, గంట రాదు.

ఈ దారికి ఒక అందం ఉంది. అది నాకు రెండోసారి పోయినప్పుడు గానీ కనబడలేదు. చంద్రగిరి దగ్గర మొదలుపెట్టి స్వర్ణముఖి నది మీ పక్కనే వస్తుంది. తిరుపతి పక్కన, శ్రీకాళహస్తిలో గుడి గోడ కింద, నాయుడుపేట వంతెన కింద, చివరికి వాకాడు దగ్గర బ్యారేజీ దాటి సముద్రంలో కలుస్తుంది. ఎండాకాలం అందులో నీళ్ళుండవు, ఇసుకే. ప్రతి వంతెన మీదా ఒక్క షాట్ తీసి పెట్టుకోండి: కారు కిటికీలోంచి ఎండిన ఏరు. ఎవరూ దాని గురించి మాట్లాడకూడదు. చివర్లో నీళ్ళు కనిపించినప్పుడు చూసేవాళ్ళకి ఎందుకో తెలియకుండానే ఊపిరి వదలాలనిపిస్తుంది.

కాలం కూడా ముందే తేల్చుకోండి. పులికాట్‌లో రాజహంసలని చూపిద్దామని చాలామంది అనుకుంటారు. అవి చలికాలపు అతిథులు. మే నెల కథలో రాజహంసలు రాస్తే ఆ సరస్సు పక్కనుండే సూళ్ళూరుపేట వాళ్ళు నవ్వుతారు. మేలో ఉండేవి వేరు. నేల పగిలిన చెరువులు, తాటిముంజలు, బేనీషా మామిడి తట్టలు. జూన్ దాటితే మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్ల బారులు. ఆ బారు పక్కన మన కారు పోతూ ఉండడం, ట్రాక్టరు మీద పడుకున్న కుర్రాడు వీళ్ళ వయసువాడే కావడం, అతను వీళ్ళని చూడడం. డైలాగు అక్కర్లేని సీను అది.

3. మనుషుల్ని పిలుపులతో రాయండి

ఇక్కడ ఎక్కువసేపు ఆగండి. కెమెరాలూ లెన్సులూ తర్వాత.

స్నేహం, కోరిక రెండూ కలిసిన కథని మన భాషలో రాయడానికి ఒక గొప్ప సౌకర్యం ఉంది, మనం దాన్ని వాడుకోం. అది పిలుపు. పేరు పెట్టి పిలవడమంటేనే మన దగ్గర ఒక గీత దాటడం. మీ ఇద్దరు కుర్రాళ్ళకి ఇరవై ఒకటి, ఆమెకి ఇరవై ఆరు అనుకుందాం. పలమనేరులో కారెక్కేటప్పుడు ఇద్దరూ "అక్కా, మీరు ముందు కూర్చోండి" అంటారు. చంద్రగిరి వచ్చేసరికి ఒకడి నోట్లో 'అక్కా' రాలిపోయి వట్టి 'మీరు' మిగులుతుంది. నాయుడుపేటలో టీ అందించేటప్పుడు పిలుపే ఉండదు. "ఇదో, టీ." అంతే. ప్రేమ గురించి పేజీలు పేజీలు రాసే బదులు ఈ మూడు వాక్యాలు చాలు.

ఆ 'అక్కా' మాయమైన సంగతి రెండోవాడు పట్టుకోవాలి. పట్టుకుని అడగకూడదు, ముందు ఒకటి రెండుసార్లు తనే కావాలని గట్టిగా "అక్కా!" అని పిలవాలి. చూసేవాడికి నవ్వొస్తుంది, కారులో ఉన్నవాడికి ఒళ్ళు మండుతుంది. ఆమెకి ఇదంతా తెలుస్తూనే ఉంటుంది, ఆడవాళ్ళకి తెలియకపోవడం ఉండదు. ఆమె ఏదో ఒక మలుపులో ఆ మొదటివాడిని "తమ్ముడూ, ఆ నీళ్ళ బాటిలు ఇలా ఇయ్యి" అంటుంది. చెంపదెబ్బ కొట్టినా అంత తగలదు.

రాత్రి ఇద్దరు మగపిల్లలే కారు బయట నిలబడినప్పటి మాటలు ఇలా రాసుకున్నాను:

"ఏందిరా, అక్క అనడం మానేసినావే?"

"యాడ మానేసినా?"

"కాళాస్తి కాడ్నుంచి చూస్తాండా."

"ఊరికే ఉండు మామా, తలనొప్పిగా ఉండాది."

ఈ 'మామా'ని చూడండి. మన కుర్రాళ్ళు ఒకరినొకరు మామా, బావా అని పిలుచుకుంటారు, సరదాకి. ఆ మాటలో ఒక చుట్టరికం ఉంది, ఒక చనువు ఉంది, ఇంకేదో కూడా ఉంది, దాన్ని ఎవరూ విప్పి చూడరు. మీ సినిమా విప్పి చూడొచ్చు. ఇద్దరు స్నేహితుల మధ్య ఉన్నది పోటీయేనా, ఆమె కోసం పడుతున్న పోటీలో అసలు వాళ్ళు ఒకరినొకరు పోగొట్టుకోలేక పడుతున్న బాధ ఎంత? జవాబు చెప్పక్కర్లేదు. రాత్రి తర్వాత వాళ్ళు ఒకరినొకరు మామా అనడం మానేస్తే చాలు.

ఒక్క హెచ్చరిక. ఆమె పాత్రని ఈ ఇద్దరికి పాఠం చెప్పడానికి వచ్చిన దేవతలాగా రాయకండి. ఆమెకి సొంత పని ఉండాలి. నా కథలో ఆమె వాకాడులో ఒకరిని కలవడానికి పోతోంది. కుర్రాళ్ళు తమ ప్రయాణంలో ఆమె వచ్చిందనుకుంటారు. నిజానికి ఆమె ప్రయాణంలో వీళ్ళు వచ్చారు.

ముగ్గురూ, నటించే ముగ్గురూ కూడా, పద్దెనిమిది నిండినవాళ్ళే కావాలి. ఇంటర్ పిల్లల కథగా రాసుకుని ఉంటే డిగ్రీకి మార్చేయండి. 2012 పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిది లోపు వాళ్ళంతా పిల్లలే. కోరిక గురించిన కథలో ఇక్కడ బేరాల్లేవు. ఆధార్ చూడకుండా, 'చూస్తే పెద్దోడిలాగే ఉన్నాడు' అని ఎవర్నీ తీసుకోకండి.

4. యాస సంగతి

మీ పాత్రలు చిత్తూరు వాళ్ళయితే చిత్తూరులా మాట్లాడాలి. కానీ ప్రతి మాటకీ చివర 'అబ్బా' తగిలిస్తే చిత్తూరు కాదు. పలమనేరు వాడి మాటలో కన్నడం వాసన ఉంటుంది, నగరి, పుత్తూరు వైపు వాడి మాటలో అరవం ఉంటుంది, వాకాడు చేరేసరికి నెల్లూరు వచ్చేస్తుంది. రెండు వందల కిలోమీటర్లలో టీ కొట్టు అతని 'ఏం కావాల'లో తేడా వినిపించాలి. దీనికి ఉపాయం, చిన్న పాత్రలకి నటుల్ని పెట్టకండి. నిజం టీ కొట్టతన్నే అడగండి, డైలాగు ఇవ్వకండి, పరిస్థితి చెప్పండి. "అన్నా, వీళ్ళు గొడవపడి వచ్చారు, నీకు తెలీదు, టీ ఇయ్యి." నూటికి తొంభై సార్లు మీరు రాసినదానికన్నా బాగా మాట్లాడతారు. డబ్బులు ఇవ్వడం, కాగితం మీద సంతకం తీసుకోవడం మరిచిపోకండి.

కథ చెప్పే గొంతు వెనక నుంచి వినిపించాలా అన్నది మీ ఇష్టం. పెట్టుకుంటే మూడు నాలుగు చోట్లకి మించకండి. ఆ గొంతు హీరోల మనసులో ఉన్నది చెప్పకూడదు, వాళ్ళకి తెలియనిది చెప్పాలి. మొగిలి ఘాట్ మలుపులో రోడ్డు పక్కన ఎవరో కట్టిన చిన్న పూలదండ ఉంటుంది, కారు దాన్ని దాటిపోతుంది, అది ఎవరిదో గొంతు చెబుతుంది. పైన చెప్పిన మెక్సికన్ సినిమాలో గొంతు మొదలయ్యే ముందు మిగతా శబ్దమంతా ఆగిపోతుంది. ఒక్క సెకను నిశ్శబ్దం. ఎడిటింగులో పైసా ఖర్చు లేని పని, ప్రయత్నించండి.

5. జాతర రోజు

మేలో తీస్తున్నారు కాబట్టి తిరుపతి గంగమ్మ జాతర తగిలే అవకాశం ఉంది. వారం రోజుల జాతర, రోజుకో వేషం. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు. మగవాళ్ళు చీరలు కట్టి, పూలు పెట్టుకుని, కాటుక దిద్దుకుని వీధుల్లో తిరుగుతారు, ఎవరూ నవ్వరు. ఆడవాళ్ళని చెరిచే పాలెగాడిని వెతికి చంపడానికి గంగమ్మ ఈ వేషాలు వేసిందని కథ.

మీ సినిమాకి దీనికన్నా మంచి సీను దొరకదు, అందుకే జాగ్రత్త కావాలి. ఇద్దరిలో ఒకడు మొక్కు తీర్చడానికి చీర కట్టుకోవాల్సి వస్తే? ఆమె వాడికి కుచ్చిళ్ళు సర్దుతుంది. రెండోవాడు చూస్తూ ఉంటాడు. ముగ్గురి మధ్య ఉన్నదంతా ఆ రెండు నిమిషాల్లో తిరగబడుతుంది. దీన్ని కామెడీ చేశారా, సినిమా పోయింది, ఊళ్ళో మీ మర్యాద కూడా పోతుంది. పెట్టే ముందు నిజంగా వేషం వేసే ఒకరితో, వాళ్ళ ఇంట్లోనే కూర్చుని మాట్లాడండి. జాతర జనంలో మీ లైట్లు, మీ 'సైలెన్స్' కేకలు వద్దు. ఒక ఫోను, ఇద్దరు నటులు, జనంలో కలిసిపోవాలి. చీర కట్టే సీను మాత్రం ముందో వెనకో ఒక ఇంట్లో తీసుకోండి.

6. బండి

మారుతి ఓమ్ని దొరికితే అదే. తయారీ 2019లోనే ఆగిపోయినా మన ఊళ్ళల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. పక్క తలుపు జారుతుంది కాబట్టి కెమెరా పెట్టడానికి చోటుంటుంది, వెనక సీటు తీసేస్తే సౌండ్ చూసుకునేవాడు కూర్చుంటాడు. ఏసీ లేకపోవడం లాభమే, కిటికీలు తెరిచి ఉంటేనే ముగ్గురి జుట్లూ చెదురుతాయి. ఒకసారి దుమ్ము పట్టాక కడగకండి, షూటింగు దారి వరుసలోనే చేయండి. పలమనేరులో శుభ్రంగా ఉన్న బండి తూపిలిపాళెంలో మట్టికొట్టుకుని ఉండాలి, మొహాలు కూడా.

నటుడు బండి నడుపుతూ డైలాగు చెప్పకూడదు. ఎంత బాగా నడిపేవాడైనా సరే. రెండు పనులు ఒకేసారి చేయించి మేం ఒక గేదెని తప్పించబోయి పొలంలోకి దిగాం. గేదెకీ మాకూ ఏమీ కాలేదు గానీ బంపరు పోయింది. ఇలా చేయండి. పగటి సీన్లలో కెమెరా వెనక సీటు నుంచి, నడిపేది మీ డ్రైవరు, అతని భుజం, జుట్టు మాత్రమే కనిపిస్తాయి. అతనికి నటుడి చొక్కాలాంటిదే ఇంకోటి వేయండి. నటుడి మొహం కావాలంటే బండి ఆపి, కిటికీ బయట ఆకాశం మాత్రం వచ్చేలా కింద నుంచి తీయండి. రాత్రి సీన్లు ఇంకా తేలిక. చీకట్లో ఆపిన బండిని ఇద్దరు బయట నుంచి మెల్లగా ఊపుతుంటే, ఒకడు టార్చి పట్టుకుని ముందు నుంచి వెనక్కి నడిస్తే ఎదురు లారీ పోయినట్టే ఉంటుంది.

బండి అద్దెకి తీసుకుంటే ఎల్లో బోర్డు తీసుకోండి. స్నేహితుడి ఓన్ బోర్డు బండిని బాడుగకి తిప్పితే ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర చిక్కు.

7. అనుమతులు

విసుగు పనే, కానీ ఒక పూట కేటాయించండి. తిరుమల కొండ మీద షూటింగు మాట మరిచిపోండి. సినిమాలకి అనుమతి లేదు, డ్రోన్లు నిషేధం. కొండ కావాలంటే కింద నుంచి, చంద్రగిరి వైపు పొలాల్లోంచి రాత్రి ఘాట్ దీపాల వరస తీయండి, అదే అందంగా ఉంటుంది. చంద్రగిరి కోట కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది, ట్రైపాడ్ దించే ముందు వాళ్ళ అనుమతి కావాలి. తలకోన, శేషాచలం లోపలికి పోవాలంటే అటవీ శాఖని అడగాలి. ఎర్రచందనం ప్రాంతం కాబట్టి రాత్రిపూట అడవి అంచున లైట్లు వేసుకుని తిరిగే కుర్రాళ్ళని ఎవరూ మంచి దృష్టితో చూడరు. శ్రీహరికోట వైపు కెమెరా తిప్పకండి.

డ్రోన్ ఎగరేయాలనుంటే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ రంగులో ఉందో చూసుకోండి. రేణిగుంట విమానాశ్రయం, శ్రీహరికోట రాకెట్ కేంద్రం (షార్) రెండూ ఈ దారి పక్కనే ఉన్నాయి. నా మాట వింటే డ్రోనే వద్దు. ఈ కథ కారులోపలిది.

ఈ దారంతా ఒకే ఎస్పీ ఆఫీసు కింద లేదు, పైగా 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. ఏ చోటు ఏ స్టేషన్ పరిధో ముందే కనుక్కుని, ఒక కాగితం రాసి ఇచ్చి, దాని కాపీ బండిలో పెట్టుకోండి. సగం సమస్యలు ఆ కాపీ చూపిస్తేనే తీరిపోతాయి.

8. దగ్గరితనం ఉన్న సీను

మన కుర్ర దర్శకులు ఇక్కడ రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. భయపడి పువ్వు, దీపం చూపించేస్తారు. లేదా ధైర్యం చూపిద్దామని నటుల్ని ఇబ్బంది పెడతారు.

ముందు కాగితం. సీనులో ఎవరు ఎవరిని ఎక్కడ తాకుతారు, బట్టలు ఎంతవరకు, కెమెరాకి ఏం కనిపిస్తుంది, ఇదంతా రాసి వారం ముందే ముగ్గురికీ ఇవ్వండి. ఒప్పుకోవడానికి సమయం ఇవ్వాలి, షూటింగు రోజు లొకేషన్లో అడిగితే అది అడిగినట్టు కాదు. పగలు, మామూలు బట్టల్లో, డ్యాన్సు స్టెప్పులు నేర్పినట్టు కదలికలు ప్రాక్టీసు చేయండి. తీసేటప్పుడు గదిలో కెమెరా, సౌండ్, మీరు, నటీనటులు. మిగతావాళ్ళు బయట, ఫోన్లు కూడా బయట. మీ టీంలో ఒక్క ఆడమనిషైనా లోపల ఉండాలి. పెద్ద సినిమాలకి దీనికోసం ఇంటిమసీ కోఆర్డినేటర్ ఉంటారు. మీకు ఉండరు కాబట్టి నటీనటులు నమ్మే ఒకరిని ఆ పనికి పెట్టండి, దర్శకుడి మాట కాదనే హక్కు ఆ మనిషికి ఇవ్వండి. ఎవరు 'ఆపండి' అన్నా ఆపాలి, ఎందుకని అడగకూడదు. తీసింది వాళ్ళకి అక్కడే చూపించండి, వద్దన్నది అక్కడే చెరిపేయండి.

ఇంత జాగ్రత్త పడ్డాక కూడా తెలుస్తుంది, అసలు బలం తాకడంలో లేదని. ఒకే గదిలో ముగ్గురు, కరెంటు పోయింది, ఫ్యాను మెల్లగా ఆగుతోంది. ఫ్యాను శబ్దం పోయాక ఒకరి ఊపిరి ఇంకొకరికి వినిపించడం మొదలవుతుంది. మా సినిమాలో అందరూ గుర్తు పెట్టుకున్నది ఆ ఫ్యానునే.

9. ఎండ, సౌండు

మేలో మధ్యాహ్నం ఫోను వేడెక్కి ఆగిపోతుంది. ఐస్ మీద పెట్టకండి, లోపల తేమ చేరుతుంది. నీడలో, తడిగుడ్డ చుట్టిన సంచిలో ఉంచితే చాలు. పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత తీయండి. మధ్యలో నిద్రపోండి. నటుల మొహాలు కూడా దానికి కృతజ్ఞతలు చెప్పుకుంటాయి. సెకనుకి 25 ఫ్రేములు, షట్టరు 1/50 పెట్టుకుంటే మన కరెంటు లైట్ల కింద మినుకు రాదు.

బొమ్మ కాస్త చెడినా జనం చూస్తారు, మాట వినబడకపోతే లేచిపోతారు. ప్రతి నటుడికీ చొక్కా లోపల చిన్న మైకు, ప్రతి చోటా ఒక నిమిషం ఊరికే శబ్దం: వాగు ఇసుక మీద గాలి, సరుగుడు తోపు, ఖాళీ బండి ఇంజను. ఊళ్ళల్లో మైకుల్లో మోగే పాటలు మీ డైలాగు వెనక పడితే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. అక్కడ డైలాగు మళ్ళీ చెప్పించుకోండి. రోజు చివర ఫుటేజీ రెండు చోట్ల కాపీ అయ్యేదాకా ఎవరూ పడుకోకూడదు.

బస తిరుపతిలో పెట్టుకోకండి, ఎండాకాలం సెలవుల్లో గదులు దొరకవు, దొరికినా మన రేటు కాదు. శ్రీకాళహస్తి, నాయుడుపేట నయం. తిండికి మాత్రం పిసినారితనం వద్దు. సంగటి, ఊరిబిండి, కోడిపులుసు పెట్టిన రోజు తీసిన సీన్లకీ, బన్నూ టీతో సరిపెట్టిన రోజు తీసిన సీన్లకీ తేడా తెరమీద కనిపిస్తుంది.

10. కూర్చడం, చూపించడం

ఎడిటింగుకి డావిన్చి రిజాల్వ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ చాలు. మొదటి కూర్పులో మీకు బాగా నచ్చిన ప్రకృతి షాట్లు పక్కన పెట్టేసి చూడండి. కథ నిలబడితే అప్పుడు రెండు మూడు వెనక్కి తెచ్చుకోండి. థియేటర్లో వేయాలంటే సెన్సారు కావాలి. 2023 సవరణ తర్వాత యూఏ సర్టిఫికెట్‌లో 7+, 13+, 16+ అని మూడు మెట్లు వచ్చాయి, ఇలాంటి కథ చివరి మెట్టులోనో, పెద్దలకు మాత్రమే అనే 'ఏ' సర్టిఫికెట్‌లోనో పడుతుంది. యూట్యూబ్‌లో పెట్టేదానికి సెన్సారు అక్కర్లేదు, వయసు పరిమితి మీరే పెట్టండి.

అందరికన్నా ముందు చూపించాల్సింది మీ కథ ఎవరి జీవితంలోంచి వచ్చిందో వాళ్ళకి. నిజంగా జరిగిన దాంట్లోంచి తీసుకుని ఉంటే, పేర్లు మార్చినా సరే, ఆ మనిషి ఒప్పుకోకుండా బయటికి వదలకండి. నా కథలో రెండోవాడు నిజంగానే ఉన్నాడు. పలమనేరులో టమాటా మండీ నడుపుతున్నాడు. మధ్యలో మూడేళ్ళు మాట్లాడుకోలేదు. మండీ వెనక క్రేట్ల మధ్య ల్యాప్‌టాప్ పెట్టి ఇరవై నాలుగు నిమిషాలూ చూపించాను. రాత్రి సీను వచ్చినప్పుడు వాడి వైపు చూడలేక బయటికి పోయి నిలబడ్డాను.

అయిపోయాక వచ్చి పక్కన నిలబడ్డాడు. కాసేపు లోడు ఎత్తుతున్నవాళ్ళని చూసి, "మామా, ఆ నాయుడుపేట టీ కాడ డబ్బులు నువ్విచ్చినట్టు పెట్టినావే. ఇచ్చింది నేను గదా" అన్నాడు.

మళ్ళీ నాయుడుపేట పోయి ఆ ఒక్క షాట్ తీశాం. ఈలోగా ఆ కొట్లో గాజు గ్లాసులు పోయి పేపర్ కప్పులు వచ్చాయి. సినిమాలో ఒక షాట్‌లో గ్లాసు, తర్వాతి షాట్‌లో కప్పు. ఇప్పటిదాకా ఎవరూ పట్టుకోలేదు.